విజయనగరంలో దెయ్యాల వేట

తెలుగు సినిమా దెయ్యం పుట్టిల్లు ఎక్కడ? అని అడిగితే మీలో చాలామంది తడుముకోకుండా గద్వాల అంటారు... ‘అరుంధతి’ చూసినవాళ్లు మరి! కాస్త వయసు మళ్లిన పాఠకులైతే మద్రాసులో విఠలాచార్యగారి సెట్టు అంటారు. నేను మాత్రం విజయనగరం అంటాను. నవ్వకండి. నాలుగు రోజులు ఆ ఊళ్లో తిరిగి, ఒక సెకండ్ షో చూసి, భీమిలి దాకా పోయి, సాలూరు రోడ్డు పట్టి వచ్చాక చెబుతున్న మాట ఇది.

ఈమధ్య మన చిత్రసీమలో దెయ్యాలకు మళ్లీ మంచి రోజులొచ్చాయి. 2022లో ‘మసూద’, 2023లో ‘విరూపాక్ష’, అదే ఏడు ‘మా ఊరి పొలిమేర 2’, 2025లో ‘శుభం’, ‘కిష్కింధపురి’... వరస చూస్తున్నారుగా! 2026 సంక్రాంతికైతే ప్రభాస్ అంతటి హీరోయే ‘ది రాజా సాబ్’లో దెయ్యాల కోటలోకి అడుగుపెట్టాడు. ఒకప్పుడు కొత్తవాళ్లకీ, చేతిలో డబ్బుల్లేని నిర్మాతలకీ మాత్రమే దిక్కయిన దెయ్యం ఇవాళ పెద్ద హీరోల కాల్‌షీట్లు కూడా నమిలేస్తోంది. మరి ఇక్కణ్ణించి ఈ దెయ్యం ఎటు పోతుంది? ఆ సంగతి స్టూడియోలో కూచుని తేల్చేది కాదనిపించింది. దెయ్యాలను ఇంకా నమ్మే మనుషులూ, దెయ్యాలను చూసి నూట ముప్ఫయ్యేళ్ల కిందటే పకపకా నవ్విన మనుషులూ ఒకే చోట ఉన్న ఊరు విజయనగరం. అందుకే రైలెక్కాను.

సీసాలో బిగించిన దెయ్యం

స్టేషన్ బయట ఆటో ఎక్కి “గురజాడవారి ఇల్లు” అన్నాను. మాటల్లో నేను దెయ్యాల గురించి రాయడానికి వచ్చానని తెలిసి ఆటో ఆయన వెనక్కి తిరిగి చూశాడు.

“దెయ్యాలకి గురజాడోరింటికెందుకండీ? మా ఈదికి రండి, నాలుగు సూపిస్తాను!”

నిజానికి నేను సరైన చోటికే వెళుతున్నాను. గురజాడ అప్పారావుగారు కాపురమున్న ఆ ఇంటిని ఇప్పుడు స్మారకంగా ఉంచారు. ‘కన్యాశుల్కం’ నాటకాన్ని 1892లో ఈ ఊళ్లోనే మొదటిసారి ఆడారు. 1955లో పి. పుల్లయ్యగారు సినిమాగా తీసినప్పుడు గిరీశంగా రామారావుగారు, మధురవాణిగా సావిత్రి నటించిన సంగతి మీకు తెలిసిందే. గిరీశాన్నీ, మధురవాణినీ గుర్తుపెట్టుకున్న మనం ఆ నాటకంలోని దెయ్యాన్ని మాత్రం మరిచిపోయాం!

కథ గుర్తుందా? ముసలి లుబ్ధావధాన్లుకి ఆడపిల్ల వేషం వేసిన కుర్రాణ్ణిచ్చి పెళ్లి చేస్తారు. ఆ ‘పెళ్లికూతురు’ రాత్రికి రాత్రి మాయమవుతుంది. అంతే, ఊరంతా గుసగుస. అది మనిషి కాదు, కామినీ పిశాచం! పూజారి గవరయ్య దాన్ని పట్టి సీసాలో బిగించేశానంటాడు. చూసేవాళ్లకు అసలు సంగతి తెలుసు. దెయ్యమూ లేదు, పిశాచమూ లేదు, పారిపోయిన కుర్రాడున్నాడంతే. అందుకే వాళ్లు నవ్వుతారు. భయపడేవాడి అజ్ఞానాన్ని చూసి కాదు సుమండీ, భయాన్ని అమ్ముకునేవాడి తెలివిని చూసి!

ఇవాళ మనం ‘హారర్ కామెడీ’ అని ఇంగ్లీషు పేరు పెట్టి మురిసిపోతున్న సరుకు ఇదే కదూ? అందుకే అన్నాను, పుట్టిల్లు విజయనగరమని.

పొయ్యిలో కాళ్లు పెట్టిన మోహిని

మరి వెండితెర మీద దెయ్యం కథేమిటి? తొలిరోజుల్లో మనకు దెయ్యాల కన్నా మాంత్రికులే ఎక్కువ. ‘పాతాళ భైరవి’ (1951)లో ఎస్.వి. రంగారావుగారి నేపాళ మాంత్రికుణ్ణి చూసి ఝడుసుకున్న పిల్లలు ఎంతమందో! దెయ్యాన్ని ఇంటింటి చుట్టం చేసింది మాత్రం జానపదబ్రహ్మ బి. విఠలాచార్యగారే. 1978లో వచ్చిన ‘జగన్మోహిని’లో కట్టెల బదులు కాళ్లు పొయ్యిలో పెట్టి వంట చేసే దెయ్యాన్ని చూసి హాలు హాలంతా కేకలేసింది. కంప్యూటర్ల ఊసే లేని ఆ రోజుల్లో కెమెరా కిటుకులతో, అట్ట సామాన్లతో చేసిన పని అది.

ఆ తర్వాత రామ్‌గోపాల్ వర్మ వచ్చాడు. 1992లో ‘రాత్రి’ తీశాడు. రేవతి ముఖమే అందులో స్పెషల్ ఎఫెక్టు. పాడుబడ్డ దివాణాల్లో, మర్రిచెట్ల మీద ఉండాల్సిన దెయ్యాన్ని తీసుకొచ్చి మనలాంటి వాళ్లు అద్దెకుండే మామూలు ఇంట్లో దింపాడు. 1996లో ‘దెయ్యం’ అని నేరుగా పేరే పెట్టేశాడు. 2009లో కోడి రామకృష్ణగారి ‘అరుంధతి’ మళ్లీ దివాణానికి తీసుకెళ్లింది. అనుష్కను రాత్రికి రాత్రి పెద్ద తారను చేసింది. కథానాయిక పేరు మీద కూడా జనం హాలుకు వస్తారని పరిశ్రమకు గట్టిగా చెప్పింది ఆ చిత్రమే.

అక్కణ్ణించి దెయ్యం నవ్వుల దారి పట్టింది. తమిళం నుంచి లారెన్సు ‘కాంచన’ (2011) వచ్చింది. 2013లో ‘ప్రేమకథా చిత్రమ్’, 2014లో ‘గీతాంజలి’, 2015లో ‘రాజుగారి గది’ వరస కట్టాయి. 2017లో ‘ఆనందో బ్రహ్మ’ ఇంకొక అడుగు వేసి, మనుషుల్ని చూసి దెయ్యాలే భయపడేలా చేసింది. సరదా ఏమిటంటే, ‘ప్రేమకథా చిత్రమ్’ వెనక ఉన్న మారుతే పదమూడేళ్ల తర్వాత ‘రాజా సాబ్’కు దర్శకుడు. చిన్న ఇంటి దెయ్యం పెద్ద మేడకు మారిందన్నమాట!

సెకండ్ షోలో చీకటి

విజయనగరంలో ఒక పాత హాల్లో సెకండ్ షోకి వెళ్లాను. దెయ్యం బొమ్మే. హాలు పేరూ, బొమ్మ పేరూ రెండూ చెప్పను. ముందు వరసల్లో కాలేజీ కుర్రాళ్లు, వెనక రెండు కుటుంబాలు, మధ్యలో బోలెడు ఖాళీ సీట్లు.

అక్కడ నేను తెర కన్నా జనాన్నే ఎక్కువ చూశాను. నవ్వు వచ్చినప్పుడు అందరూ ఒక్కసారే నవ్వారు. భయం వచ్చేసరికి మాత్రం ఎవరికి వారైపోయారు. తలుపు కిర్రుమంది, సంగీతం ఆగింది... ఇంకేముంది, చటుక్కున పది చేతుల్లో పది ఫోన్లు వెలిగాయి! అవసరమై కాదు, భయాన్ని తప్పించుకోవడానికి. పూర్వం ఇలాంటప్పుడు పక్కవాడి చెయ్యి పట్టుకునేవాళ్లు, లేకపోతే ‘ఆంజనేయా’ అనుకునేవాళ్లు. ఇప్పుడు ఫోనే తాయెత్తు. ఇవాళ్టి దర్శకుడు ఓడించాల్సింది ప్రేక్షకుడి ధైర్యాన్ని కాదు, వాడి జేబులోని వెలుగును!

ఆట అయ్యాక ప్రొజెక్టరు గది దగ్గర ఒక పెద్దాయన కనిపించాడు. కార్బన్ కడ్డీల నాటి నుంచీ ఇదే పనిట.

“అప్పట్లో పెట్టెల్లో వొచ్చీవి రీళ్లు. ‘జగన్మోహిని’ రీలు ఎన్ని అతుకులేసినానో నాకే తెలీదు. జనం గోల ముందు దెయ్యం గోల వినబడీది కాదు బాబూ!” అన్నాడు.

“మరి ఇప్పుడు?”

“ఇప్పుడా? సౌండు బాగుంది, జనమే లేరు. దెయ్యం అరిసినా ఖాళీ కుర్సీలే వినాల.”

నవ్వుతూనే అన్నాడు గానీ ఆ మాటలో చాలా ఉంది. ‘మా ఊరి పొలిమేర’ మొదటి భాగం 2021లో హాలుకు రాకుండా నేరుగా ఓటీటీలో విడుదలైంది. జనం ఇళ్లలో చూసి మెచ్చుకున్నాక, 2023లో రెండో భాగం హాళ్లకు వచ్చింది. అంటే దెయ్యం సినిమాకు ఇప్పుడు రెండు రకాల చీకటి ఉంది. గదిలో ఒంటరి చీకటి, హాల్లో గుంపు చీకటి. గదిలో భయం ఎక్కువ, హాల్లో నవ్వు ఎక్కువ. మనవాళ్లు హారర్ కామెడీని పట్టుకు వేళ్లాడుతున్నారంటే కారణం ఇదే. హాలు నిండాలంటే కలిసి నవ్వించాలి. లెక్క తప్పు కాదు. కానీ ప్రతి దెయ్యమూ కామెడీ చేస్తే అసలు దెయ్యానికి పనేముంటుంది చెప్పండి?

ఒక్కటి మాత్రం పెద్దాయన బాగా పట్టాడు – శబ్దం. దెయ్యం కంట్లోంచి కాదు, చెవిలోంచి వస్తుంది. ‘విరూపాక్ష’కు అజనీష్ లోక్‌నాథ్ ఇచ్చిన నేపథ్య సంగీతం తీసేసి చూడండి, సగం భయం పోతుంది. ఘంటసాల, సుశీల వంటి వారు చదువుకున్న సంగీత కళాశాల ఉన్న ఊళ్లో ఈ మాట అనుకోవడం బాగుంది!

పెద్ద చెరువు గట్టున

మర్నాడు పొద్దున్నే మూడు లాంతర్లు మీదుగా పైడితల్లి అమ్మవారి గుడికి వెళ్లాను. దసరా వెళ్లిన తొలి మంగళవారం జరిగే సిరిమాను సంబరం పేరు వినని తెలుగువాడుండడు. ఆకాశానికి లేచిన మాను చివర పూజారి కూర్చుని గుడి నుంచి కోట దాకా మూడుసార్లు ఊరేగుతాడు. వీధులు, మేడలు, చెట్లు, అన్నీ జనమే!

ఆ తల్లి కథ వినండి. 1757లో బొబ్బిలి యుద్ధం. ‘బొబ్బిలి యుద్ధం’ (1964) చిత్రంలో రంగారావుగారు వేసిన తాండ్ర పాపారాయుడు గుర్తున్నాడుగా? ఆయన చేతిలో విజయరామరాజు చనిపోయాడు. అన్న మరణవార్త విన్న చెల్లెలు పైడిమాంబ పెద్ద చెరువులో ప్రాణం విడిచిందనీ, తర్వాత విగ్రహమై చెరువులోంచి బయటికొచ్చిందనీ ఇక్కడివారి నమ్మకం.

చెరువు గట్టున నిలబడితే నాకొక సంగతి తట్టింది. దుఃఖంతో నీళ్లలో దూకి చచ్చిపోయిన ఆడమనిషి... మన సినిమా రచయితకు ఈ ఒక్క ముక్క చాలు, తెల్లచీర కట్టించి, జుట్టు విరబోయించి, ఇంటర్వెల్లో గోడల మీద పాకిస్తాడు. ఊరి జనం మాత్రం ఆమెను దేవతను చేసి, ఆడపడుచులా ఏటా పసుపు కుంకుమలు పెట్టి పండగ చేస్తున్నారు. కథ ఒకటే. సినిమా భయపడింది, ఊరు దండం పెట్టింది.

లెక్కవేసి చూడండి, మన తెర దెయ్యాల్లో ఎక్కువమంది ఆడవాళ్లే. బతికున్నప్పుడు అన్యాయమైపోయినవాళ్లే. న్యాయం చేయలేని లోకం, చచ్చాకైనా ఆమెను చూసి భయపడాలని ఆడ ప్రేక్షకులకు ఒక తృప్తి. అందుకే ‘అరుంధతి’కి ఆడవాళ్లు అంతగా తరలివచ్చారని నా ఊహ. 2022లో కన్నడ ‘కాంతార’ ఊరి దైవాన్నీ, ఊరి పూనకాన్నీ తెరకెక్కించి దేశమంతా ఆడింది. సిరిమాను ఉన్న ఊళ్లో మనకు కథల కరువా?

భీమిలి గాలి

విజయనగరం నుంచి భీమునిపట్నం దగ్గరే. సముద్రం పక్కనే డచ్చివాళ్ల పాత శ్మశానం ఉంది. ఎప్పుడో సముద్రం దాటి వచ్చి ఇక్కడే మట్టి అయిపోయిన వాళ్ల సమాధులు. ఏ ఇంగ్లీషు సినిమా వాడికైనా చూపిస్తే వెంటనే షూటింగు పెట్టేస్తాడు. మేకలు మేస్తున్నాయి. ఇద్దరు కుర్రాళ్లు సమాధి మీద కూచుని బఠాణీలు తింటున్నారు. “దెయ్యాలుంటాయా తమ్ముడూ?” అని అడిగితే “ఉంటే ఎండకి ఎప్పుడో ఎల్లిపోనుండాల” అన్నాడొకడు!

ఈ భీమిలిలోనే 2025 మే నెలలో వచ్చిన ‘శుభం’ కథ నడుస్తుంది. సమంత నిర్మాతగా, ప్రవీణ్ కండ్రేగుల దర్శకత్వంలో వచ్చిన చిత్రం. కేబుల్ టీవీల రోజులు. రాత్రి సీరియల్ టైమయ్యేసరికి భార్యలకు పూనకం వచ్చినట్టయిపోతుంది. పేరున్న హీరో లేడు, పెద్ద కోట లేదు. మన పక్కింటి హాలు, మన టీవీ, మన సీరియల్. మగాడి పెత్తనం మీద చురక కూడా ఉంది. భయం తక్కువేననుకోండి, కానీ దెయ్యానికి ఊరూ, యాసా ఉంటే ఎంత అందమో ఆ చిత్రం చూపించింది.

అన్నట్టు, మన ఊళ్లలో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్న రోజులు మీ అమ్మానాన్నల్ని అడగండి. బెంగుళూరు వైపు ‘నాళె బా’ అని రాసుకున్నారట. ఆ నమ్మకం మీదే హిందీవాళ్లు 2018లో ‘స్త్రీ’ తీశారు, 2024లో ‘స్త్రీ 2’ తీసి కాసుల వర్షం కురిపించుకున్నారు. రాత మన తలుపు మీద, డబ్బు వాళ్ల పెట్టెలో!

సాలూరు రోడ్డు మీద

చివరి రోజు సాలూరు బస్సెక్కాను. రసాలూరు రాజేశ్వరరావుగారి స్వగ్రామం శివరామపురం ఆ పక్కనే. కొండలు దగ్గరపడేకొద్దీ నా ప్రశ్నకు వచ్చే జవాబులు మారిపోయాయి. పట్నంలో ‘దెయ్యం’ అంటే నవ్వారు. ఇక్కడ ఎవరూ నవ్వలేదు. ఇక్కడి మాట దెయ్యం కాదు – ‘చిల్లంగి’.

తెర మీద మనం చేతబడి అంటామే, ఉత్తరాంధ్రలో దాని పేరు చిల్లంగి. పిల్లాడికి జ్వరం తగ్గకపోయినా, పశువు చచ్చినా ఎవరో చిల్లంగి పెట్టారనే అనుమానం. ఆ ఎవరో ఎవరు? ఒంటరి ముసలమ్మో, నాటు మందులిచ్చే ముసలాయనో, భూమి తగాదా ఉన్న దాయాదో! ఈ నెపంతో మనుషుల్ని కొట్టారనీ, వెలివేశారనీ, చంపారనీ ఈ జిల్లాల నుంచి వార్తలు వచ్చాయి, మన కాలంలోనే. కొండ అవతల ఒడిశా ప్రభుత్వం 2013లో ఇలాంటి వేధింపుల మీద ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది.

టీ కొట్టు దగ్గర ఒక ముసలాయన్ని కదిపాను. “తాతా, చిల్లంగి సినిమాలు చూస్తావా?”

“సూత్తాను బాబూ. బాగానే తీత్తారు. కానీ ఒకటి. సినిమాలో ఆ పెట్టినోడు దొరికీసి, నిజమేనని తేలిపోద్ది. ఊళ్లో అలగ తేలదు. ఊళ్లో ముందు కొట్టీసి, తరవాత జాలిపడతారు.”

ఆ మాట విన్నాక నా టీ చల్లారిపోయింది.

ఆలోచించండి. యండమూరి వీరేంద్రనాథ్‌గారి ‘తులసిదళం’ సీరియల్‌గా వస్తున్న రోజుల్లో వారంవారం పత్రిక కోసం జనం కాచుక్కూచునేవారు. ఆయన ‘తులసి’ నవల 1986లో ‘కాష్మోరా’ చిత్రమైంది. మూఢనమ్మకాలు పెంచుతున్నారని అప్పట్లోనే పెద్ద రగడ జరిగింది. ఇప్పుడు ‘విరూపాక్ష’ చూడండి. చేతబడి చేస్తున్నారనే అనుమానంతో ఊరివాళ్లు ఒక జంటను చంపేయడంతోనే కథ మొదలవుతుంది. ఆ మొదటి దృశ్యం మొత్తం చిత్రంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది. ఎందుకంటే అక్కడ దెయ్యం లేదు, గుంపు ఉంది. ఆ తర్వాత కథ మంత్రాల్లోకి వెళ్లింది. బిగువుగా నడిచింది, జనం విరగబడి చూశారు, నేనూ కుర్చీ అంచున కూచునే చూశాను. కానీ మంత్రం నిజమని తెర మీద తేలిన ప్రతిసారీ ఆ గుంపు అనుమానం కూడా సగం నిజమైపోతుంది. సాలూరు రోడ్డు మీద ఆ సగం చాలా ఖరీదైనది.

అలాగని చేతబడి సినిమాలు ఆపేయమనడం లేదు. నాకూ సెకండ్ షో భయం కావాలి! భయపెట్టడం మానేస్తే ఇక హారర్ ఎందుకు, భక్తి సినిమాలు తీసుకోవచ్చు. నేనడిగేది ఒక్కటే. మనం ఎవరిని చూసి భయపడాలో దర్శకుడు తేల్చుకోవాలి.

ఇక ముందు ఏమిటి?

నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి. మొదటిది పెద్ద మేడ దారి. పెద్ద హీరో, కోట్ల గ్రాఫిక్సు, అన్ని భాషల విడుదల. దెయ్యం అందులో బతుకుతుంది గానీ, హీరోగారి ముందు దానికి గొంతు లేవడం కష్టం. హీరో ఓడడని తెలిశాక ప్రేక్షకుడికి భయమెక్కడిది?

రెండోది చిన్న ఇంటి దారి. ‘మసూద’ ఆ దారిలోనిదే. ఒంటరి తల్లి, ఆమె కూతురు, పక్క ఫ్లాటులో పిరికి కుర్రాడు. అతను ఫైట్లు చేయడు, వణుకుతాడు. వాడు వణికాడు కాబట్టే మనమూ వణికాం! సంగీత చేసిన ఆ తల్లి పాత్ర భయానికి పునాది వేసింది. 2024లో మలయాళంలో మమ్ముట్టి ‘భ్రమయుగం’ అయితే రంగులు కూడా వద్దని నలుపు తెలుపుల్లోనే భయపెట్టింది. ఖర్చు కాదు, ధైర్యం కావాలని రుజువైంది.

మూడోది ఊరి దారి. నాకు ఎక్కువ నమ్మకం దీని మీదే. ‘పొలిమేర’, ‘విరూపాక్ష’, ‘శుభం’ వేరువేరు తోవల్లో ఇటే వచ్చాయి. అమెరికాలో కూడా 2017లో ‘గెట్ అవుట్’ దెయ్యాన్ని పక్కనపెట్టి, నల్లవాళ్ల మీద వివక్షనే భూతంగా చూపించి ఆస్కార్ కొట్టుకుపోయింది. మన దగ్గర ఆ పని చేయడానికి కథ కొత్తగా కనిపెట్టక్కర్లేదు. చిల్లంగి నింద పడ్డ ముసలమ్మ ఇంట్లో ఒక రాత్రి... బయట కాగడాలు, తలుపు మీద దెబ్బలు, లోపల ఆమె. అంతే. ఏ దెయ్యమూ రానక్కర్లేదు. సెకండ్ షో కుర్రాడు ఫోను తీయడం మరిచిపోతాడని నా పందెం!

ఆ సినిమా ఇంకా రాలేదు. తీసేవాడు బహుశా ఇప్పుడు ఏ కాలేజీలోనో వెనక బెంచీలో కూచుని ఈ పేజీ తిరగేస్తూ ఉంటాడు. బాబూ, నీకే చెబుతున్నాను. కొరియా, హాలీవుడ్ దెయ్యాలను అరువు తెచ్చుకోకు. సెలవుల్లో మీ అమ్మమ్మ ఊరికి వెళ్లు. ఊళ్లో అందరూ ఎవరి ఇంటి ముందు నుంచి నడవడానికి జంకుతారో కనుక్కో. తర్వాత ఒక పగలు, ఆ ఇంట్లోకి వెళ్లి మంచినీళ్లు అడుగు. వాళ్లు చెప్పే కథ విను. నీ సినిమా అక్కడ మొదలవుతుంది.